ఏడు అడ్డకోతలు

పచ్చ బుక్కు కథను డాక్టర్ మునిశంకర్ ముప్ఫై ఏళ్ళకు పైగా ఒకే తీరున చెబుతూ వచ్చాడు. ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో, ఎక్కడ పిల్లలు నవ్వుతారో ఆయనకు నోటికి వచ్చు. రిటైరయ్యాక ఆ పని చైత్ర అందుకుంది. చైత్ర ఆయన శిష్యురాలు. కోలారు జిల్లాలో ఆయన పనిచేసిన మెడికల్ కాలేజీలోనే ఇప్పుడు అనాటమీ విభాగానికి పెద్ద. కొత్తగా చేరిన పిల్లలకు మొదటి క్లాసు నాడు ఆయన్ని పిలిపించి, ముందు వరసలో కుర్చీ వేసి కూర్చోబెట్టి, ఆయన ఎదుటే ఆయన కథ చెబుతుంది.

"ఈ బుక్కు లేకుండా మీకు గతి లేదు" అంటూ ఆ రోజు కూడా పచ్చ అట్ట అనాటమీ పుస్తకాన్ని పైకెత్తి చూపించింది. "రాసింది రామకృష్ణప్ప సారు. ఆయన ఇప్పుడు లేరు. ఇది మొదటిసారి అచ్చయినప్పుడు ఏమైందో తెలుసునా? రెండు వేల కాపీలు ప్రెస్సులో నుంచి బయటికొచ్చేసినాయి. అప్పుడు మన సారు ఇరవై ఏడేళ్ళ డెమాన్‌స్ట్రేటరు. ఒక కాపీ తీసుకోని మూలన కూర్చోని చూస్తా ఉండారు. మనిషిని అడ్డంగా కోసి చూపించిన బొమ్మలు ఏడుండాయి గదా, ఆ ఏడిట్లోనూ ఎడమా కుడీ తిరగబడి ఉండాది! లివర్ పోయి ఎడం పక్కన కాపరం పెట్టినట్టు!"

పిల్లలు నవ్వారు. నవ్వాల్సిన చోటే అది.

"బొమ్మలు గీసింది కేజీఎఫ్ గనుల్లో ప్లాన్లు గీసే ఆయన. గనిని పైనుంచి చూసినట్టు, మనిషిని గూడా తల పక్కనుంచి చూసి గీసేసినాడు. మనం అడ్డకోతను ఎప్పుడూ కాళ్ళ పక్కనుంచి చూస్తాం. రోగి మంచం మీద పండుకోనుంటే, మనం కాళ్ళ దగ్గర నిలబడినట్టు. తల పక్కనుంచి చూస్తే అంతా తారుమారు. ఎవురూ కనిపెట్టలా. సారు కనిపెట్టినారు. లేకుంటే ఈపాటికి ఎంతమంది డాక్టర్లు ఎన్ని కడుపులు తప్పు పక్క కోసుందురో!"

చప్పట్లు మోగాయి. మునిశంకర్ తల వంచుకున్నాడు. పిల్లలు దాన్ని వినయం అనుకున్నారు.

క్లాసయ్యాక చైత్ర ఆయన్ని తన గదికి తీసుకుపోయి కాఫీ తెప్పించింది. "ఒక చిక్కొచ్చింది సార్. బెంగళూరు పబ్లిషర్లు మన బుక్కును ఫోన్లో చదువుకునేట్టు చేస్తా ఉండారు గదా. బొమ్మలు గీసినాయన సంతకం లేకుంటే కుదరదని వాళ్ళ లాయరు పట్టు పట్టినాడు. అడ్డకోతలు ఏడూ తరవాత వేరేవాళ్ళు గీసినారు, సరే. మిగిలిన రెండు వందలూ ఆయప్పవే గదా. మన రికార్డుల్లో పేరు గూడా లేదు. ఏం పేరు సార్ ఆయనది?"

"జయరాజు."

"ఉండాడా, పోయినాడా?"

"ఉన్నాడు. ఊరిగాంలో."

అంత వెంటనే నోట్లోంచి ఊడిపడ్డ జవాబుకు ఆయనే ఉలిక్కిపడ్డాడు.

"అరె, ఇంగా పరిచయం ఉండాదా! అయితే మీరే పోయి సంతకం పెట్టించుకోని రండి సార్. మీరడిగితే కాదంటాడా? ఆయన చేసిన తప్పును మీరే గదా కాపాడినారు."

మునిశంకర్ సంతకం కాగితాన్ని తీసుకుని ఫైల్లో పెట్టుకున్నాడు. పరిచయం అంటే ఏం పరిచయం. గనులు మూసేసిన రెండేళ్ళకు ఒకసారి రాబర్ట్‌సన్‌పేట మార్కెట్లో జయరాజు వంకాయలు ఏరుకుంటూ కనిపించాడు. పది అడుగుల దూరం. మునిశంకర్ తను కొన్న కూరగాయల సంచీ అంగడి అరుగు మీదే వదిలేసి, వెనక్కి తిరిగి, జనాన్ని తోసుకుంటూ కారు దాకా పరుగులాంటి నడక నడిచాడు. ఇంట్లో భార్య సంచీ ఏదని అడిగితే ఎవరో కొట్టేశారని చెప్పాడు. అదీ పరిచయం.

మరుసటి ఆదివారం పొద్దున్నే కారు తీశాడు. బంగారపేట దాటేదాకా రేడియో పెట్టుకున్నాడు. ఆ తర్వాత అదీ వినబుద్ధి కాలేదు.

సొంత ఊరు సుగటూరులో మొట్టమొదటి డాక్టరు మునిశంకర్. కాలేజీలో సీటొచ్చిన రోజు నుంచీ ఊరు ఆయన్ని అన్నీ అడిగేది. ఆవు చూలు నిలవడం లేదు ఏం చేయాల, పట్టుపురుగు ఆకు ముట్టడం లేదు ఎందుకు, కోర్టు నోటీసులో ఏముండాది, అమావాస్య నాడు బోరు వేయించొచ్చునా. ఒకసారి సెలవులకు వచ్చినప్పుడు చిన్నవెంకటప్ప అనే ముసలాయన తన మోకాటి వాపు గురించి ఏదో అడిగితే, అప్పటికింకా రెండో ఏడు చదువుతున్న మునిశంకర్ "తెలీదు తాతా" అన్నాడు. "తెలీదా? మరి రెండేండ్లు యాడ పండుకోనుంటివిరా, హాస్టల్లోనా?" అన్నాడు ముసలాయన. పాల డైరీ ముందర క్యాన్లు పట్టుకుని నిలబడ్డ పదిమందీ పొట్టలు పట్టుకుని నవ్వారు. వాళ్ళలో ఆయన తండ్రి కూడా ఉన్నాడు. ఆయన నవ్వలేదు. కొడుకు మొహం చూడకుండా క్యానెత్తుకుని వెళ్ళిపోయాడు.

ఆనాటి నుంచి మునిశంకర్ తెలియదన్న మాట మానేశాడు. తెలిసినా, తెలియకపోయినా ఏదో ఒకటి చెప్పేవాడు. వెంటనే చెప్పేవాడు, గట్టిగా చెప్పేవాడు. గట్టిగా చెబితే జనం మళ్ళీ అడగరని కనిపెట్టాడు.

పచ్చ బుక్కు తయారవుతున్న ఏడాది ఆయన డెమాన్‌స్ట్రేటరుగా చేరి నాలుగు నెలలు. రామకృష్ణప్ప సారు పుస్తకం రాస్తున్నాడు. శవాన్ని విడదీసి, నరాలూ రక్తనాళాలూ శుభ్రంగా బయటపెట్టి చూపించే పని మునిశంకర్‌ది. చూసి బొమ్మ గీసే పని జయరాజుది. గనుల సర్వే ఆఫీసులో ఆయన డ్రాఫ్ట్స్‌మన్. నలభై దాటినవాడు. శనివారం డ్యూటీ దిగి బస్సెక్కి వచ్చి, ఆదివారం సాయంత్రం దాకా బల్ల ముందు కదలకుండా కూర్చునేవాడు. అక్కడున్న మనిషి ఎవరో ఎవరికీ తెలియదు. రైల్వే స్టేషన్‌లో పోయిన అనామకుడు. జయరాజు మాత్రం పెన్ను పట్టుకునే ముందు ఆ మనిషికేసి చూసి గుండెల మీద సిలువ గుర్తు వేసుకుని, "మన్నించన్నా" అనేవాడు. హాలు అటెండరు బచ్చప్పకు అది వింతగా ఉండేది. "ఏం సామీ, అన్న పలుకుతా ఉండాడా?" అని ఆటపట్టించేవాడు. "పలికేది నువ్వూ నేనూ. ఆయన పాఠం చెబుతా ఉండాడు, నోరు మూసుకో" అనేవాడు జయరాజు.

ఆయన గీసిన గీతలు చూస్తే మునిశంకర్‌కు చూపు తిప్పుకోబుద్ధయ్యేది కాదు. తను మూడు రోజులు కష్టపడి బయటికి తీసిన నరాన్ని ఆయన నల్ల సిరాతో ఒక్క ఊపులో గీసేవాడు, ఎక్కడ సన్నబడాలో అక్కడ సన్నబడుతూ. అడుగున్నర గీతలో ఎక్కడా చెయ్యి ఆగిన గుర్తు ఉండేది కాదు.

అడ్డకోతల వంతు వచ్చింది. మందులో గట్టిపడిన మొండేన్ని బచ్చప్ప రంపంతో ఏడు బిళ్ళలుగా కోశాడు. ఆదివారం మధ్యాహ్నం. జయరాజు ఒక బిళ్ళను పళ్ళెంలో పెట్టుకుని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు.

"డాక్టరు సార్, దీనికి రెండు ముఖాలుండాయి. ఏ ముఖం గీయాల? మాకు గనిలో లెవెల్ ప్లాను అంటే పైనుంచి కిందికి చూసినట్టు. మీ శాస్త్రంలో ఎట్ల?"

మునిశంకర్‌కు తెలియదు. ఆ రోజుల్లో జిల్లా మొత్తానికి స్కానింగు మిషను లేదు. అడ్డకోతలను ఎవరూ పరీక్షలో అడిగేవాళ్ళు కాదు, అందుకని ఎవరూ చదివేవాళ్ళూ కాదు. పక్క గదిలో రామకృష్ణప్ప సారు ఉన్నాడు. పన్నెండు అడుగులు నడిచి తలుపు తట్టి అడిగితే అయిపోయేది. కానీ సారు "నీకిది తెలీదా?" అంటాడు. ఆ మాట బచ్చప్ప వింటాడు. జయరాజు వింటాడు.

"పైనుంచే. మీ మాదిరే" అన్నాడు మునిశంకర్. వెంటనే, గట్టిగా.

"ఖాయమేనా సార్? ఒకటి తప్పితే ఏడూ తప్పుతాయి."

"నేను చెబుతా ఉండాను గదన్నా!"

జయరాజు తలాడించి బిళ్ళను సర్దుకున్నాడు. ఆ ఏడు బొమ్మలకూ ఆయనకు తొమ్మిది ఆదివారాలు పట్టింది.

తప్పును మునిశంకర్ కనిపెట్టాడన్నది నిజమే. ఆ కథలో నిజమైన ముక్క అదొక్కటే. అచ్చయి వచ్చిన పుస్తకంలో రామకృష్ణప్ప సారు రాసిన వాక్యం చదివాడు: అడ్డకోతలన్నిటినీ కాళ్ళ వైపు నుంచి చూసినట్టుగా చదువుకోవాలి. బొమ్మలను ఒక్కోటీ తిప్పి చూశాడు, ఏడూ తప్పే. నేనే చెప్పినాను సార్. చెప్పాల్సింది ఇంతే మాట. పక్క గదికి పరుగెత్తాడు. తలుపు తీశాడు. తీరా నోరు తెరిస్తే వచ్చింది వేరే మాట. "సార్, బొమ్మలాయన గని ప్లాను మాదిరి గీసేసినాడు."

జయరాజును పిలిపించారు. హాల్లో నలభైమంది పిల్లల ముందు రామకృష్ణప్ప సారు పుస్తకాన్ని బల్ల మీద విసిరి, "ఇది గని కాదయ్యా, మనిషి!" అని అరిచాడు.

"నేను అడిగినాను సార్" అన్నాడు జయరాజు.

"ఎవురిని అడిగినావు?"

జయరాజు తిరిగి చూశాడు. మునిశంకర్ పళ్ళేలు తుడుస్తున్నాడు. తుడిచిన పళ్ళేన్నే మళ్ళీ తుడుస్తున్నాడు.

"నన్నేమీ అడగలేదు సార్."

అది కూడా వెంటనే, గట్టిగానే వచ్చింది.

ప్రతి కాపీలోనూ ఒక చీటీ అంటించారు, చిత్రకారుని పొరపాటు అని. మలి ముద్రణకు ఏడు బొమ్మలూ బెంగళూరులో ఎవరిచేతో తిరిగి గీయించారు. మొదటి పేజీలో జయరాజు పేరుండే చోట తెల్ల కాగితం మిగిలింది. ఆ తర్వాత సంవత్సరానికి అక్కడ మునిశంకర్ పేరు వచ్చింది, సహాయ సంపాదకుడిగా.

కేజీఎఫ్ పక్కన ఊరిగాంలో గని కంపెనీ నాటి ఇళ్ళ వరస. రేకుల కప్పులు. వరస చివర నుంచి చూస్తే గని మట్టి పోగుపడ్డ సైనైడు దిబ్బ బోడిగుండులా కనిపిస్తూ ఉంది. చర్చి నుంచి జనం అప్పుడే ఇళ్ళకు తిరిగి వస్తున్నారు. తలుపు తీసినామె జయరాజు కూతురు మోనికా. నలభై అయిదేళ్ళుంటాయి. దగ్గర్లోనే ఒక స్కూల్లో టీచరు. ఇంకా ఆదివారపు చీర మార్చుకోలేదు.

"కాలేజీ నుంచా? మా నాయనను చూసేదానికి కాలేజీ నుంచి ఎవురూ రారే!" అంది. లోపలికి తిరిగి, "నాయనా, నీకోసం ఎవురో డాక్టరు వచ్చినాడు. నువ్వు పిలిపించినావా? మళ్ళీ బీపీ మాత్ర మింగలేదా ఏంది?" అని కేక వేసింది.

జయరాజు కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నాడు. డెబ్భై ఎనిమిదేళ్ళు. ఎముకలకు తోలు తొడిగినట్టున్నాడు గానీ చూపు మాత్రం చురుగ్గా ఉంది. వచ్చినవాడిని కాళ్ళ నుంచి తల దాకా కొలిచాడు.

"మునిశంకరప్ప" అన్నాడు. "బొజ్జ బాగా వచ్చింది. ఇప్పుడు నిన్ను అడ్డంగా కోస్తే కాగితం చాలదు."

మోనికా నవ్వింది. మునిశంకర్ ఫైలును చంకలోంచి చేతిలోకి మార్చుకున్నాడు. "బాగుండావా అన్నా?"

"బాగుండాను. కూర్చో. అమ్మీ, కాఫీ పెట్టు. చక్కెర తగ్గించు, డాక్టర్లందరికీ షుగరుంటాది."

కాఫీ వచ్చేదాకా రామకృష్ణప్ప సారు ఎప్పుడు పోయాడు, బచ్చప్ప కొడుకులు ఏం చేస్తున్నారు అని మాట్లాడుకున్నారు. తర్వాత మునిశంకర్ ఫైల్లోంచి కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. విషయం చెప్పాడు. ఫోన్లో బుక్కు, లాయరు, సంతకం. దారి పొడుగునా సాధన చేసుకున్న మాటలే కనక తడబడకుండా చెప్పాడు.

మోనికా కాగితం తీసుకుని చదివింది. "రెండు వందల నాలుగు బొమ్మలు? నాయనా, ఇవన్నీ నువ్వు గీసినవా? ఒక బుక్కులో నీవల్ల తప్పు వచ్చిందని అమ్మ చెబుతా ఉండె. ఇన్ని గీసినావని నువ్వు ఎప్పుడూ చెప్పలేదే!"

"చెప్పేదానికేముండాది? తప్పు చేసినోడు ఎన్ని గీస్తే ఏం" అన్నాడు జయరాజు. కాగితం వైపు చూడలేదు. "సంతకం పెట్టను డాక్టరూ. ఆ బుక్కులో నా గీతలుండేది ఇంగ చాలు. మిగతావాటిల్లో గూడా యాడో ఒక చోట తప్పుంటాది. నువ్వు చూసుకోలేదేమో. అన్నీ తీసేసి కొత్తగా గీయించుకోండి."

"ఒక్క తప్పూ లేదన్నా. ముప్ఫై ఏండ్లకు పైగా నేను పాఠం చెప్పినాను."

"ఆ ఏడూ గూడా తప్పు లేదనే అనుకోని గీస్తిని నేను."

తర్వాత ఆయన కూతురికి చెబుతున్నట్టుగానే చెప్పాడు. గనిలో ప్లాను గీసేవాడి గీత మీద కింద మనుషులుంటారు. పాత సొరంగాల్లో నీళ్ళు నిండి ఉంటాయి. ప్లానులో గీత అర అంగుళం పక్కకు పోతే, డ్రిల్లు పట్టినోడు పోయి పోయి ఆ నీళ్ళ గోడకే బొక్క పెడతాడు. అందుకని అడక్కుండా ఒక్క గీత గీయకూడదు. ఇరవై రెండేళ్ళు ఆయన అట్లా ఒక్క గీతా గీయలేదు. మరి కాలేజీలో ఎట్లా గీశాడు?

"ఆ పొద్దు అడగలేదని నువ్వంటివి డాక్టరూ. ఇంటికొచ్చి పండుకుంటే నిద్ర లేదు. అడిగినాను అనే నాకు గుర్తు. నా చెవుల్లో ఉండాది నీ మాట. కానీ చదువుకున్న డాక్టరు నలభైమంది ముందర అడగలేదని చెబితే, నాదే తప్పు గుర్తు గదా. మీ అమ్మ గూడా, అమ్మీ, అదే అనింది. తప్పించుకునేదానికి నువ్వే కల్పించుకోని ఉంటావు అని." మోనికా వైపు ఒక్క క్షణం చూసి మళ్ళీ మునిశంకర్ వైపు తిరిగాడు. "అడగనిది అడిగినట్టు గుర్తుండేవోడు గని ప్లాను గీయొచ్చునా? మరుసటి వారమే పోయి మా సర్వేయరు దొర దగ్గర చెప్పినాను, నన్ను బోర్డు మీద నుంచి తీసేయండి అని. స్టోర్సులో వేసినారు. గని మూసేదాకా పదమూడేండ్లు గునపాలూ తాళ్ళూ హెల్మెట్లూ ఇచ్చుకుంటా కూర్చున్యాను."

మునిశంకర్‌కు ఈ సంగతి తెలియదు. ఆ చీటీ వల్ల ఒక పేరు పోయిందనుకున్నాడు ఇన్నాళ్ళూ. ఒక చెయ్యి పోయిందని తెలియదు. కాఫీ గ్లాసు కింద పెట్టాలనుకున్నాడు, ఎక్కడ పెట్టాలో తోచలేదు.

"నువ్వొచ్చింది మంచిదైంది" అన్నాడు జయరాజు. కుర్చీలో ముందుకు జరిగాడు. ఇందాకటి ఎకసెక్కం మొహంలో లేదు. "రామకృష్ణప్ప సారు పాయె, బచ్చప్ప పాయె. ఇంగ చెప్పగలిగినోడు నువ్వొక్కడివే. కోపం లేదప్పా, తెలుసుకుందామని అడుగుతా ఉండాను. నేను ఆ పొద్దు నిన్ను అడిగినానా, అడగలేదా?"

మోనికా తలుపు దగ్గరే నిలబడిపోయింది.

అడిగావని చెబితే రేపు చైత్రకు ఏం చెప్పాలి? ఆ క్లాసులో పిల్లలకు? పదకొండు ముద్రణల ముందుమాటల్లో ఆ కథ ఉంది. రిటైరయిన రోజు జ్ఞాపికగా ఇచ్చిన పలక మీద ఉంది. ఆయన అల్లుడు తన స్నేహితులకు చెప్పుకునే కథ అది. అడగలేదని ఇంకోసారి చెబుదామంటే, ఎదురుగా ఉన్న ఆ కళ్ళు.

"చానా ఏండ్లయింది గదన్నా" అన్నాడు మునిశంకర్. "నాకు సరిగ్గా గుర్తులేదు."

 జయరాజు మెల్లగా వెనక్కి వాలాడు.

"సరే. గుర్తులేదంటే అడగలేదనే. అడిగుంటే నీకు గుర్తుండేది. చిన్న వయసు, తేటగా ఉండే బుర్ర." కూతురికేసి చెయ్యి చాపాడు. "పెన్ను ఇయ్యమ్మీ. పెట్టేస్తాను. తెలిసిపోయింది గదా, ఇంగ ఎందుకు అల్లాడేది. తప్పు నాదే."

మోనికా పెన్ను తెచ్చింది. ఆయన కాగితాన్ని మోకాలి మీద అట్ట పెట్టి సర్దుకున్నాడు. పెన్ను పట్టుకున్న తీరు మారలేదు, మూడు వేళ్ళ మధ్య, నిటారుగా. సంతకం పెట్టాల్సిన గీతను వేలితో తడిమి చూసుకున్నాడు. మునిశంకర్ వచ్చిన పని మరో నిమిషంలో అయిపోతుంది. కారులో కూర్చుని పన్నెండింటికల్లా కోలారులో ఉండొచ్చు.

"అడిగినావు" అన్నాడు మునిశంకర్.

పెన్ను ఆగింది.

"అడిగినావన్నా. ఆదివారం మధ్యాన్నం. రెండు ముఖాలుండాయి, ఏ ముఖం గీయాల అన్యావు. పైనుంచే అని నేను చెప్పినాను. ఖాయమేనా అని ఇంగోసారి గూడా అడిగినావు."

 వీధిలో ఎవరో స్కూటరు స్టార్టు కాక కిక్కు మీద కిక్కు కొడుతున్నారు.

"ఆ పొద్దు నా చేతిలో ఏముండె?" అన్నాడు జయరాజు. గొంతు మారిపోయింది. సర్వే ఆఫీసులో ఒక కొలతను రెండో కొలతతో సరిచూసే గొంతు.

"పళ్ళెం. అంచు పెచ్చులూడిన పళ్ళెం. దాంట్లో మూడో బిళ్ళ. లివరూ పొట్టా ఉండేది."

"బచ్చప్ప యాడుండె?"

"రంపం కడుగుతా ఉండె. కొళాయి దగ్గర."

"కొళాయి దగ్గర." జయరాజు కళ్ళు మూసుకున్నాడు. "అవును. నీళ్ళ శబ్దానికి నీ మాట వినపడక రెండోసారి అడిగినాననుకోని ఉంటిని." కళ్ళు తెరవకుండానే ఊపిరి వదిలాడు. "అమ్మీ, నేను కల్పించుకోలేదమ్మీ."

మోనికా పోయి తండ్రి భుజం మీద చెయ్యి వేసింది. మునిశంకర్‌ను చూసిన చూపులో మాత్రం ఇందాకటి మర్యాద లేదు.

"ఎందుకు సార్? ఆయప్ప మీకేం చేసినాడు?"

"ఏమీ చేయలేదమ్మా. నాకు తెలియదు. తెలియదని చెప్పుకునేదానికి సిగ్గయ్యింది."

"అంతేనా?"

"అంతే."

అంతకంటే పెద్ద కారణం ఏదైనా ఉంటే బాగుండేదని ఆయనకే అనిపించింది. పగ ఉండి ఉంటే, ఎవరైనా బలవంతపెట్టి ఉంటే, కనీసం ఏదైనా ఆశపడి ఉంటే. ఇంత చిన్న సిగ్గుకు ఒక మనిషి ఇరవై రెండేళ్ళ పనిని కొట్టేశానని చెప్పుకోవడం, ఆదివారపు చీరలో నిలబడ్డ ఆ టీచరమ్మ ముందు, కిందికి చూస్తూ చెప్పుకోవడానికి కూడా కష్టంగా ఉంది.

"క్షమించన్నా" అన్నాడు.

"అది తరవాత చూద్దాం" అన్నాడు జయరాజు. మోకాలి మీద ఉన్న కాగితాన్ని సంతకం పెట్టకుండానే తీసి బల్ల మీద పెట్టాడు. "ముందు రాయి. చీటీ అంటించినారు గదా నాకు. ఇప్పుడు ఈ చీటీ బుక్కు ముందర పేజీలో పడాల. ఫోన్లోది గానీ, కాగితంది గానీ. రాయి, చూస్తాను. అది అచ్చయి నా చేతికొస్తే దీని మీద సంతకం పెడతాను. అచ్చు చూడకుండా డ్రాఫ్ట్స్‌మన్ సంతకం పెట్టడు."

మోనికా పిల్లల నోటుబుక్కులోంచి ఒక తెల్ల కాగితం చింపి ఇచ్చింది. మునిశంకర్ రాశాడు. మొదటి ముద్రణలోని ఏడు అడ్డకోత బొమ్మల్లో జరిగిన పొరపాటుకు చిత్రకారుడు జయరాజు గారు ఎంతమాత్రం కారణం కాదని తెలియజేయడానికి చింతిస్తున్నాము.

జయరాజు కాగితాన్ని కిటికీ వెలుగులో పట్టుకుని చదివాడు. "బాగుండాది. నేను కాదు. మరి ఎవురు? చదివేవోడు అడగడా?"

మునిశంకర్ ఆ కాగితం మీదే కింద ఇంకోటి రాశాడు. విభాగంలో సమాచారం సరిగా అందకపోవడం వల్ల ఆ పొరపాటు జరిగింది.

ఈసారి మోనికా తీసుకుని చదివింది. "మా స్కూల్లో కిటికీ అద్దం పగిలితే పిలకాయలు ఇట్లే చెబుతారు సార్. అద్దం పగిలిపోయింది మిస్, అంటారు. రాయి విసిరినోడు ఒక్కడూ ఉండడు."

జయరాజు పకపకా నవ్వాడు. దగ్గొచ్చింది, నీళ్ళు తాగాడు, మళ్ళీ నవ్వాడు.  అరవై మూడేళ్ళ ప్రొఫెసరు, వేలమంది పిల్లల జవాబు పత్రాలు దిద్దినవాడు, మూడోసారి కాగితం ముందుకు లాక్కున్నాడు. ఇది చైత్ర చదువుతుంది. తలుపు వేసుకుని రెండుసార్లు చదువుతుంది. తర్వాత ఫోను చేస్తుందో, చేయదో. వచ్చే ఏడు మొదటి క్లాసుకు కుర్చీ వేయరు. అదంతా కళ్ళకు కట్టినట్టు కనిపిస్తూ ఉండగానే రాశాడు.

అడ్డకోతను ఏ వైపు నుంచి గీయాలని జయరాజు నన్ను అడిగాడు. నాకు తెలియదు. తెలియదని చెప్పకుండా తప్పు చెప్పాను. బొమ్మలు తప్పయ్యాక, నన్ను అడగనేలేదని అందరి ముందు అబద్ధమాడాను. ఈ పుస్తకంలోని రెండు వందల నాలుగు బొమ్మలు ఆయన గీసినవి.

కింద పేరు రాసి ఇచ్చాడు.

జయరాజు చాలాసేపు చదివాడు. ప్లాను మీద గీత వెంబడి పోయినట్టు, ఒక్కో మాట కింద గోరు జరుపుకుంటూ పోయాడు. చివరికి వచ్చాక గోరు ఆగింది.

"ఉత్త మునిశంకరేనా?" అన్నాడు. "ఇట్లా పేరుండేవోళ్ళు ఈ జిల్లాలో ఎంతమంది లేరు. నీ డిగ్రీలు రాయప్పా. ఎమ్బీబీఎస్సు, ఎండీ, అదేందో ప్రొఫెసరంట, హెడ్డంట, అన్నీ రాయి. చెప్పినోడు డాక్టరని తెలియాల గదా."

మునిశంకర్ పెన్ను తీసుకున్నాడు. పేరు పక్కన చోటు సరిపోలేదు. కింది వరసకు దిగి, ఒక్కో డిగ్రీ, ఒక్కో పదవీ, ఏదీ వదలకుండా, చదవడానికి వీలుగా పెద్ద పెద్ద అక్షరాలతో రాయడం మొదలుపెట్టాడు. తండ్రీ కూతుళ్ళు ఇద్దరూ వంగి చూస్తున్నారు.